వ్యానులో మాట వినపడాలంటే

ఈసారి డేటాబేసుల జోలికీ, సర్వర్ల జోలికీ పోవడం లేదు. మనలో చాలామంది ఇళ్ళముందు ఎండకి ఎండుతూ వానకి తడుస్తూ నిలబడి ఉండే ఒక యంత్రం గురించి చెప్పుకుందాం. అదే, పిల్లలు పుట్టినప్పుడు కొన్న మినీవ్యాను. ఇంజను ఇంకా బాగానే ఉంటుంది. అమ్మబోతే చేతికొచ్చేదేమీ ఉండదు. ఇండియా నుంచి పెద్దవాళ్ళొస్తే అందరూ పట్టే బండి అదొక్కటే. అంచేత ఉంచేసుకుంటాం. బాధల్లా మోతతోనే. కొత్తలోనే అది అంత నిశ్శబ్దమైన బండేమీ కాదు. పదిహేనేళ్ళు దాటేసరికి తలుపుల రబ్బరు గట్టిపడి, ప్లాస్టిక్ క్లిప్పులు వదులై, హైవే ఎక్కగానే లోపల కూర్చున్నవాళ్ళు మామూలు మాట కూడా అరిచి చెప్పుకోవలసిన పరిస్థితి వస్తుంది.

దీనికి విరుగుడని బజార్లో ఒక సరుకు అమ్ముతారు. ఒకవైపు వెండిరంగు అల్యూమినియం పొర, రెండోవైపు నల్లటి జిగురు. చీరపెట్టెలాంటి పెట్టెల్లో షీట్లుగా వస్తుంది. డైనమాట్ అన్నది ఒక కంపెనీ సరుకు పేరే అయినా, జిరాక్సులాగా అన్నిటికీ అదే పేరు స్థిరపడిపోయింది. వ్యాను లోపలంతా విప్పి, రేకు కనపడిన చోటల్లా ఇది అంటించేస్తే బండి లెక్సస్ అయిపోతుందని అమ్మేవాళ్ళు చెబుతారు. వీడియోల్లో చూస్తే నేల నుంచి కప్పు దాకా వెండి తాపడం చేసిన గర్భగుడిలా ఉంటుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ ఆ తాపడంలో ముప్పాతిక వంతు దండగ. ఎందుకు దండగో చెప్పాలంటే ఆ షీటు అసలు చేసే పనేమిటో ముందు చూడాలి.

వంటింట్లో స్టీలు పళ్ళెం జారి కింద పడితే ఖంగుమని మోగుతూ తిరుగుతుంది కదా. మోగుతున్న ఆ పళ్ళేన్ని వేలితో ముట్టుకుంటే చాలు, ఠక్కున ఆగిపోతుంది. వేలి బరువు ఎంతని? పళ్ళెం మొత్తాన్ని వేళ్ళతో కప్పనూ లేదు. ఊగుతున్న రేకు కదలికని మెత్తటి వేలు తాగేసింది, అంతే. ఇంజినీర్లు దీన్ని డ్యాంపింగ్ అంటారు. వ్యాను పక్క గోడలు, జారుడు తలుపులు, చక్రం గూళ్ళు అన్నీ ఒక మిల్లీమీటరు కూడా మందం లేని ఉక్కు రేకులు. రోడ్డు మీది అదురు సస్పెన్షన్ ద్వారా ఈ రేకుల్లోకి ఎక్కుతుంది. ఒక్కో రేకుకీ తనకిష్టమైన స్వరం ఒకటుంటుంది, ఆ స్వరం తగిలినప్పుడు తప్పెటలా మోగుతుంది. తెలుగు మీడియంలో చదివినవాళ్ళకి అనునాదం అంటే గుర్తొస్తుంది.

జిగురు షీటు ఆ వేలు చేసే పనే చేస్తుంది, కాకపోతే కాస్త తెలివిగా. నల్లటి పదార్థం బ్యూటైల్ రబ్బరు. దాని మీద అల్యూమినియం పొర అందానికి పెట్టింది కాదు. రెండు అట్టముక్కల మధ్య ముదురు బెల్లం పాకం పూసి, ఆ జంటని వంచి చూడండి. పై అట్ట ఒకవైపుకీ కింది అట్ట ఒకవైపుకీ జరగబోతాయి, మధ్యలో పాకం సాగుతూ అడ్డుపడుతుంది. ఇక్కడ కింది అట్ట బండి రేకు, పై అట్ట అల్యూమినియం. రేకు వంగిన ప్రతిసారీ మధ్యలో ఉన్న బ్యూటైల్ అడ్డంగా సాగుతుంది. ఆ సాగడంలో లోపలి పొడుగాటి అణువులు ఒకదాన్నొకటి ఒరుసుకుని, కదలిక కాస్తా వేడిగా మారిపోతుంది. వేడి అంటే చెయ్యి కాలేంత కాదు, కొలిచినా దొరకనంత. పైన ఆ అల్యూమినియం లేకపోతే రబ్బరు రేకుతోపాటే ఊరికే వంగుతుంది. అప్పుడు ఇంత ఫలితం రావాలంటే చాలా మందం కావాలి.

ఇక్కడ చిన్న పిట్టకథ. ఇలా మూతవేసిన జిగురుపొర ఎంత కదలికని తాగుతుందో లెక్కకట్టి 1959లో పేపరు రాసినాయన పేరు ఎడ్వర్డ్ కెర్విన్. ఆయన పనిచేసింది మసాచుసెట్స్ రాష్ట్రం కేంబ్రిడ్జిలో బోల్ట్, బెరనెక్ అండ్ న్యూమన్ అనే సంస్థలో. పేరు ఎక్కడో విన్నట్టుంది కదూ? 1948లో శబ్దశాస్త్రం సలహాలివ్వడానికి పెట్టిన ఆ కంపెనీయే 1969లో అర్పానెట్‌కి మొదటి ప్యాకెట్ స్విచ్చులు కట్టింది. 1971లో అక్కడి రే టామ్లిన్సన్ ఈమెయిలు చిరునామా మధ్యలో ఎట్ గుర్తు పెట్టాడు. మనకి అన్నం పెడుతున్న నెట్‌వర్కుకీ, వ్యాను తలుపులో అంటించే జిగురు షీటుకీ పుట్టిల్లు ఒకటేనన్నమాట.

సరే, డ్యాంపింగ్ సంగతి తెలిసింది కాబట్టి రెండు విషయాలు వాటంతటవే తేలిపోతాయి. మొదటిది: రేకు మొత్తం కప్పనక్కర్లేదు. పెద్ద బల్లపరుపు రేకు ఎక్కువగా ఊగేది నడిమధ్యలో. అక్కడ పావువంతు మేర అంటిస్తే రావలసిన లాభంలో చాలామటుకు వచ్చేస్తుంది. ఆపైన అంటించే ప్రతి షీటుకీ ప్రతిఫలం తగ్గుతూ పోతుంది. అంచుల దగ్గర, మడతలు పెట్టి బిగువు చేసిన చోట్ల రేకు ఎలాగూ ఊగదు, అక్కడ అంటిస్తే బరువు తప్ప ఇంకేమీ రాదు. వేలి కణుపుతో తట్టి చూస్తే తెలిసిపోతుంది. డబ్‌మని గుంజీ మోగితే అంటించాలి, టక్‌మని పొడిగా పలికితే వదిలెయ్యాలి. కొబ్బరికాయ ఎంచడం వచ్చినవాళ్ళకి ఇదేమంత విద్య కాదు.

రెండోది ఇంకా ముఖ్యం. డ్యాంపింగ్ మోగే రేకుని ఆపుతుందే గాని, గాల్లో వచ్చే చప్పుడుకి అడ్డుగోడ కాదు. టైరు రోడ్డుని రాసుకునే హోరు, పక్కన పోయే ట్రక్కు గర్జన రేకు మోగకపోయినా దాంట్లోంచి దూరి లోపలికొస్తాయి. వాటిని ఆపాలంటే కావలసింది బరువు. 0.8 మిల్లీమీటర్ల ఉక్కు రేకు చదరపు మీటరుకి 6.3 కిలోలు తూగుతుంది. శబ్దశాస్త్రంలో బరువు సూత్రం ప్రకారం అది 500 హెర్ట్జ్ దగ్గర సుమారు 23 డెసిబెల్స్ ఆపాలి. బరువు రెట్టింపు చేస్తే ఇంకో 6 డెసిబెల్స్, మళ్ళీ రెట్టింపు చేస్తే మరో 6. అంటే ఎంత పోసినా అంత తేలిగ్గా కదలని లెక్క. అందుకని ఈ పనికి బరువెక్కించిన వినైల్ చుట్టలు వేరే అమ్ముతారు. చదరపు అడుగుకి ఒక పౌను తూగుతుంది. దాన్ని రేకుకి నేరుగా అంటించకుండా మధ్యలో మెత్తటి స్పాంజి పొర పెట్టి, అతుకుల దగ్గర సందు లేకుండా వేలాడదియ్యాలి.

సందు అంటే గుర్తొచ్చింది. గోడ ఎంత దిట్టమైనదైనా, దాని విస్తీర్ణంలో నూటికి ఒక వంతు కన్నం ఉంటే చాలు, ఆ గోడ మొత్తం 20 డెసిబెల్స్ మించి ఆపలేదు. పాత వ్యానులో తలుపు రబ్బరు గట్టిపడి నొక్కుకుపోవడం సరిగ్గా ఇలాంటి కన్నమే. ఒక డాలరు నోటు తలుపు సందులో పెట్టి మూసి లాగి చూడండి. సుతారంగా జారి వచ్చేస్తే అక్కడ షీట్లు కాదు, కొత్త రబ్బరు కావాలి.

ఇక మూడో రకం సరుకు, చప్పుడుని పీల్చుకునే దూది, ఫోము. ఇవి గుడ్డ సోఫాలాంటివి. కానీ పీల్చాలంటే దాని మందం శబ్దతరంగం పొడవులో పావువంతుకి దరిదాపుల్లో ఉండాలి. 1000 హెర్ట్జ్ తరంగం పొడవు 34 సెంటీమీటర్లు, పావువంతు ఎనిమిదిన్నర. ప్లాస్టిక్ ప్యానెల్ వెనక ఉన్న ఖాళీలో అంత మందం దూది పట్టే అవకాశముంది. అదే 100 హెర్ట్జ్ ఇంజను గుయ్‌మన్న మోతకయితే పావు తరంగం 85 సెంటీమీటర్లు. మనిషి కూర్చునే చోటు కూడా మిగలదు. అంచేత అరంగుళం ఫోము అంటించి ఇంజను మోత తగ్గిందని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి.

ఇంత వివరం ఎందుకు చెబుతున్నానంటే, మా ఇంట్లో ఈ పని సరదాకి మొదలవలేదు. మా నాన్నగారు తెనాలి నుంచి ఆర్నెల్లకి వచ్చారు. రెండు చెవులకీ వినికిడి యంత్రాలు. ఇంట్లో పిల్లలు స్కూలు, హోంవర్కు, ఈతక్లాసుల మధ్య చేతికి చిక్కరు. తాతయ్యతో వాళ్ళు గంటల తరబడి ఒకచోట కూర్చునేది వ్యానులోనే. ఎడిసన్‌కి బ్రిడ్జ్‌వాటర్ గుడి అరగంటే అయినా, మా నాన్నగారికి 1976లో కట్టిన పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరుడి గుడే గుడి. రానూ పోనూ ఏడువందల మైళ్ళు. ఆ దారి పొడుగునా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవారు. వెనక వరసలోంచి మా పాప "తాతయ్యా, పాలు కావాలి" అంటే, "కాలుకేమయిందమ్మా?" అని కంగారుగా వెనక్కి తిరిగేవారు. పిల్లలు రెండుమూడుసార్లు నవ్వారు. తర్వాత చెప్పడం మానేసి టాబ్లెట్లు తీశారు. ఆయన కూడా యంత్రాలు తీసి జేబులో పెట్టుకునేవారు. అవి పెట్టుకుంటే హోరు కూడా పెద్దదై తలనొప్పి వస్తుందని.

పాలు కాలుగా వినపడటం వెనక ఒక సంగతుంది. మాటలో అచ్చుల బలమంతా తక్కువ హెర్ట్జ్‌లో ఉంటుంది. ప, త, క, చ, స లాంటి హల్లుల తేడా చెప్పే భాగం 1500, 2000 హెర్ట్జ్ పైన సన్నగా ఉంటుంది. వయసుతో చెవి ముందు పోగొట్టుకునేది ఆ పై భాగాన్నే. పైగా తక్కువ హెర్ట్జ్ మోత పెద్దదయితే దానికన్నా పైనున్న శబ్దాలని కూడా కప్పేస్తుంది. అప్పుడు మిగిలేవి అచ్చులు. మన భాషలో మాటలన్నీ అచ్చులతో ముగుస్తాయని గర్వపడతాం గాని, హల్లులు ఎగిరిపోయాక పాలు, కాలు, చాలు అన్నీ ఒకటే. మామూలు సంభాషణ మీటరు దూరంలో 60 డెసిబెల్స్ ఉంటుంది. వ్యానులో హోరు 70 దాటితే ఆరోగ్యమైన చెవి ఎలాగో నెట్టుకొస్తుంది. వినికిడి తగ్గిన చెవికి మాట హోరుకన్నా ఇంకా పైకి ఉండాలి. ఆ అంచుమీద రెండుమూడు డెసిబెల్స్ అంటే మాట అర్థమవడానికీ అవకపోవడానికీ ఉన్న తేడా.

షీట్లు కొనే ముందు చెయ్యవలసింది మనకి బాగా తెలిసిన పనే. నెమ్మదిగా నడిచే ప్రోగ్రాం చేతికిస్తే ముందు ప్రొఫైలర్ పెట్టి ఏ ఫంక్షన్ సమయం తినేస్తోందో చూస్తాం కదా. ఇదీ అంతే. నయోష్ అనే అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థ 2017లో ఐఫోనుకి ఉచితంగా ఒక సౌండ్ మీటరు విడుదల చేసింది. దాంతోపాటు స్పెక్ట్రం చూపించే ఆప్ ఏదైనా ఒకటి చాలు. మా ఆవిడ డ్రైవింగు, నేను మధ్య వరసలో ఫోనూ కాయితమూ. ఒకే రోడ్డు, ఒకే వేగం, ఏసీ ఆపి, కిటికీలు మూసి, మూడేసిసార్లు కొలిచాం. మాది 2006 సియెన్నా, 3.3 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను. 65 మైళ్ళ దగ్గర సగటు 72 డెసిబెల్స్ వచ్చింది.

స్పెక్ట్రంలో గుట్టల్లాంటివి మూడు కనపడ్డాయి. 100 హెర్ట్జ్ దగ్గరది ఇంజనుది. నిమిషానికి 2000 చుట్లు, ఆరు సిలిండర్లలో చుట్టుకి మూడు పేలుళ్ళు, సెకనుకి వంద. 200 దగ్గర సన్నగా నిలువుగా ఒకటి ఉంది. అదేమిటో తెలిస్తే ముచ్చటేసింది. టైరు లోపల గాలి గుండ్రటి గొట్టంలా ఉంటుంది కదా, ఆ గొట్టం పలికే స్వరమది. మా టైర్లు 215/65, పదహారంగుళాల చక్రం. గాలి గొట్టం నడిమి చుట్టుకొలత 1.7 మీటర్ల చిల్లర. శబ్దవేగం 343ని దాంతో భాగిస్తే సరిగ్గా 200. మూడోది 800 నుంచి 1000 దాకా పరుచుకున్న పెద్ద గుట్ట. అది టైరూ రోడ్డూ కలిసి చేసే హోరు. మాట వినపడకుండా చేస్తున్న అసలు దొంగ అదే. చేతిని వినికిడి యంత్రంలా ముందుకీ వెనక్కీ తిప్పుతూ ఫోనుతో వెతికితే అది ఎక్కువగా వెనక చక్రం గూళ్ళ దగ్గర నుంచీ, జారుడు తలుపుల కింది అంచుల నుంచీ వస్తోంది.

డెసిబెల్స్ లెక్కలో ఒక మెలిక ఉంది, అది తెలియకపోతే డబ్బు తప్పు చోట పడుతుంది. ఉదాహరణకి టైరు హోరు 70, గాలి 66, ఇంజను 62 అనుకుందాం. ఈ మూడూ కలిస్తే 198 కాదు, 72 కూడా నిండదు. ఇప్పుడు ఎంతో కష్టపడి ఇంజను మోత మొత్తం తీసిపారేశాం అనుకోండి, మొత్తం 71.9 నుంచి 71.5కి దిగుతుంది. చెవికి తేడాయే తెలియదు. అదే టైరు హోరుని సగం చేస్తే, అంటే 3 డెసిబెల్స్ తగ్గిస్తే, మొత్తం 70.2కి వస్తుంది. జీన్ ఆమ్‌డాల్ 1967లో కంప్యూటర్ల గురించి చెప్పిన సూత్రం ఇక్కడ కూడా పొల్లుపోకుండా పనిచేస్తుంది. పెద్దదాన్ని వదిలి చిన్నదాన్ని ఎంత చెక్కినా వృథా. అందుకే ముందువైపు ఇంజను గోడ జోలికి వెళ్ళలేదు. డాష్‌బోర్డు మొత్తం విప్పితే తప్ప చెయ్యి దూరని చోటది, అంత శ్రమకి దక్కేది అర డెసిబెల్.

ఇక పని. రెండు శనాదివారాలు పట్టింది. మొదటివారం వెనక ప్లాస్టిక్ ప్యానెల్స్, మూడో వరస సీటు మడిచే గుంట, చక్రం గూళ్ళు. రెండోవారం జారుడు తలుపులు. ప్యానెల్ విప్పడానికి ప్లాస్టిక్ చీలికల సెట్టు, పది మిల్లీమీటర్ల సాకెట్టు ఉంటే చాలావరకు చాలు. పాత క్లిప్పులు కొన్ని విరుగుతాయి, కాబట్టి ఒక డబ్బా కొత్తవి ముందే తెచ్చిపెట్టుకోవాలి. సీటుబెల్టు బోల్టు విప్పాల్సొస్తే, తిరిగి టార్క్ రెంచితో మాన్యువల్ చెప్పినంతే బిగించాలి. ఎయిర్‌బ్యాగుల వైర్లకి పసుపు రంగు కనెక్టర్లుంటాయి. వాటి దరిదాపులకి పోయే ముందు బ్యాటరీ నెగెటివ్ తీసి, టయోటా చెప్పినట్టు కనీసం 90 సెకన్లు ఆగాలి. కప్పు అంచులో తెరలా తెరుచుకునే ఎయిర్‌బ్యాగు ఉన్న బళ్ళలో అక్కడ ఏదీ అంటించకూడదు, దూది కూడా. కప్పు మీద వాన పడితే రేకుల షెడ్డులా మోగుతుంది నిజమే, డ్యాంపింగ్‌కి అంతకన్నా మంచి చోటు ఉండదు. అయినా ఆ లోపలి గుడ్డకప్పు దింపే పని నేను పెట్టుకోలేదు. వాన రోజూ పడదు, ఎయిర్‌బ్యాగు అవసరం చెప్పి రాదు.

విప్పాక ముందు చూడవలసింది తుప్పు. న్యూజెర్సీ చలికాలం ఉప్పు తిన్న బండి కదా. తుప్పు మీద షీటు అంటిస్తే అది లోపల్లోపల తినేస్తుంది. గీకి, మందు రాసి, రంగు వేసి ఆరాకే అంటించాలి. మా బండికి ఎడమ చక్రం గూడు పైన రూపాయి బిళ్ళంత మేర ఉంది. తర్వాత రేకుని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవాలి. దుమ్ము మీద బ్యూటైల్ పట్టదు, చలిలో కూడా సరిగ్గా పట్టదు. మేం మే నెల చివర్లో చేశాం కాబట్టి ఇబ్బంది రాలేదు. అంటించాక చిన్న రోలరుతో చపాతీ ఒత్తినట్టు ఒత్తాలి. షీటు మీది అచ్చుగీతలు చదునయ్యేదాకా ఒత్తితేగాని కింద గాలి పోదు. గాలి ఉంటే పాకం అట్టకి అంటుకోనట్టే. అల్యూమినియం అంచు బ్లేడులా కోస్తుంది, చేతులకి తొడుగులు వేసుకోండి.

ముయ్యకూడని కన్నాలు కొన్నున్నాయి. తలుపుల అడుగున చిన్న సందులుంటాయి. కిటికీ అద్దం మీంచి దిగే వాన నీళ్ళు తలుపు లోపలికే పోతాయి, ఆ సందుల్లోంచి కిందికి కారతాయి. అవి మూసుకుంటే తలుపు కుండవుతుంది. అలాగే వెనక బంపరు వెనకాల, పక్క గోడల అడుగున రబ్బరు రెక్కలున్న గాలి కిటికీలుంటాయి. తలుపు వేసినప్పుడు లోపలి గాలి బయటికి పోయేది వాటిలోంచే. చప్పుడు కూడా వాటిలోంచే వస్తుందని కొందరు మూసేస్తారు. తర్వాత తలుపు గట్టిగా కొడితేగాని పడదు, చలికాలంలో అద్దాల మీద ఆవిరి వదలదు. వాటిని ముట్టుకోకుండా, వాటికీ లోపలి ప్యానెల్‌కీ మధ్య గాలి ఆడేలా థిన్సులేట్ దూది వదులుగా పెట్టాను. థిన్సులేట్ ఎందుకంటే నీళ్ళు పీల్చదు. పాత దుప్పట్లు, పరుపుల ఫోము కుక్కితే చప్పుడు తగ్గచ్చుగాని, చెమ్మ పట్టి వాసనా తుప్పూ మొదలవుతాయి.

మొత్తం పట్టింది బ్యూటైల్ 40 చదరపు అడుగులు, చదరపు అడుగుకి దాదాపు అర పౌను. వినైల్ 25 చదరపు అడుగులు, చక్రం గూళ్ళ మీదా వాటి పక్క గోడలకీ మాత్రమే. అన్నీ కలిపి రెండుంపావు సోనా మసూరి బస్తాల బరువు పెరిగింది. బండి అంతా తాపడం చేస్తే ఇది నాలుగైదింతలవుతుంది, పెట్రోలు బిల్లులో తెలుస్తుంది.

సరుకు గురించి ఒక హెచ్చరిక. చవగ్గా దొరికే కొన్ని షీట్లు బ్యూటైల్ కావు, తారు. ఇంటి కప్పుల మీద కారకుండా అంటించే పట్టీలు కూడా కొందరు ఇదే పనికి వాడతారు. చూడ్డానికి తేడా తెలియదు. ముక్కు చెబుతుంది, కొత్తగా వేసిన రోడ్డు వాసన వస్తే అది తారే. వేసవిలో ఎండలో నిలబెట్టిన బండి రేకు ఎంత కాగుతుందో మీకు తెలుసు. ఆ వేడికి తారు మెత్తబడి జారుతుంది, తలుపు లోపల కిటికీ అద్దం నడిచే పట్టాల మీద పడుతుంది. మా స్నేహితుడొకాయన టెక్సాస్‌లో ఉంటాడు, ఆయన బండిలో అదే జరిగింది. పెట్టె మీద బ్యూటైల్ అనే రాసి ఉందట.

ఫలితం చెప్పాలి కదా. అదే రోడ్డు, అదే వేగం, 72 కాస్తా 69 అయింది. మూడంటే మూడే డెసిబెల్స్. లెక్స‌స్ కాలేదు, కాదు కూడా. కానీ స్పెక్ట్రం చూస్తే ఆ మూడూ అసలు కావలసిన చోట తగ్గాయి. 800 దగ్గర గుట్ట బాగా కుంగింది. 100 దగ్గర ఇంజను గుట్ట ఎక్కడుందో అక్కడే ఉంది. 200 దగ్గర టైరు ఊదే సన్నాయి కూడా అలాగే ఉంది. ఒకటి మాత్రం మీటరులో కనపడదు. జారుడు తలుపు మూస్తే ఇదివరకు డబ్బా మూత పడ్డట్టు ఉండేది. ఇప్పుడు బీరువా తలుపులా దబ్‌మంటుంది. ఈ ఒక్క చప్పుడు విని డబ్బంతా వసూలయిందనుకునేవాళ్ళే ఎక్కువ, అమ్మేవాళ్ళ వ్యాపారమంతా దానిమీదే.

జూన్‌లో టైర్లు ఎలాగూ మార్చవలసి వచ్చింది. కాస్త మెత్తటి, నిశ్శబ్దమైన టూరింగ్ రకం వేయిస్తే మరో డెసిబెల్‌న్నర తగ్గింది. రెండు వారాంతాల చాకిరీలో సగం ఫలితం గంటలో వచ్చేసింది. ఈ సియెన్నాలోనే నాలుగు చక్రాల డ్రైవు రకం కొన్నవాళ్ళకి గాలి పోయినా నడిచే గట్టి పక్కల టైర్లు వచ్చాయి, అవి ఇంకా మోత. మీ బండి టైర్లు అరిగి మార్చే దశలో ఉంటే ముందు అవి మార్చి, కొలిచి, ఆ తర్వాతే ప్యానెల్స్ విప్పండి.

ఇక అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చిన మార్పుకి ఖర్చు సున్నా. వినికిడి యంత్రాల్లో మైకులు సందడిగా ఉన్నచోట ముందువైపు మాటనే పట్టుకుని వెనకవైపు శబ్దాన్ని తగ్గిస్తాయి. ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడటానికి అది బాగుంటుంది. వ్యానులో మాత్రం మనవలు వెనక కూర్చుంటే వాళ్ళ మాటనే చెత్తకింద లెక్కకట్టి తీసేస్తుంది. ఆడియాలజిస్టుని అడిగితే అన్నివైపులా వినే ఇంకో ప్రోగ్రాం పెట్టి, మార్చుకోవడానికి మీట చూపించింది. దాంతోపాటు పిల్లల్లో ఒకళ్ళని మధ్య వరసలో ఆయన పక్క సీట్లోకి మార్చాం. దూరం సగమయితే మాట బలం ఆరు డెసిబెల్స్ దాకా పెరుగుతుంది. అంత తేడా వినైల్ ఎంత పోసినా రాదు. అయితే అన్నివైపులా వినే ప్రోగ్రాంలో హోరు కూడా అన్నివైపుల నుంచీ వస్తుంది కాబట్టి, అది తగ్గించకుండా ఈ మీట నొక్కితే మళ్ళీ యంత్రాలు జేబులోకే పోయేవి. షీట్లకి నిజంగా పని పడింది ఇక్కడ.

పక్క సీటు ఎవరిదన్న గొడవ ఇప్పుడు ప్రతి ప్రయాణంలోనూ ఉంది. హారిస్‌బర్గ్ దాకా ఒకళ్ళు, అక్కడి నుంచి ఇంకొకళ్ళు అని రాజీ చేశాం. వెనక వరసలో ఉన్నవాళ్ళు చెప్పేవాటిల్లో అన్నీ ఇంకా అందవు. అందనప్పుడు పక్కనున్నవాళ్ళు తర్జుమా చేస్తారు, సొంత కవిత్వం కలిపి.

మిగిలిపోయింది గాలి చప్పుడు. ముందు తలుపుల పై అంచు రబ్బరు డాలరు నోటు పరీక్షలో తప్పింది, రెండు వైపులా కొత్తది తెప్పించాను. ముందు తలుపుల లోపల కూడా అరచేతుల మేర ముక్కలు నాలుగు పడితే చాలు. పెట్టెలో అంతకి సరిపడా షీట్లు మిగిలే ఉన్నాయి. చలి మొదలయ్యేలోపు ఒక వెచ్చటి శనివారం దొరకాలి.